కొత్త గ్రాఫిక్స్ కార్డు ఏ లెక్కలో కొత్త?

ఎన్విడియా 2013లో తెచ్చిన జీటీఎక్స్ టైటాన్ గ్రాఫిక్స్ కార్డు సెకనుకు సుమారు 4.5 లక్షల కోట్ల లెక్కలు చేస్తుంది. అదే సంస్థ 2022లో తెచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 దాదాపు 82 లక్షల కోట్లు చేస్తుంది. తొమ్మిదేళ్లలో 18 రెట్లు! పాత, కొత్త కార్డులను పోల్చేవారు సాధారణంగా చూపేది ఈ అంకెనే.

కానీ ఇవి 32 బిట్ల లెక్కలు. వీటిలో కచ్చితత్వం ఏడు అంకెల దాకానే. ఆటల్లో బొమ్మలు గీయడానికి అది చాలు, కృత్రిమ మేధకు అంతకన్నా తక్కువైనా చాలు. గ్రహాల కదలికను లక్షల మెట్లలో లెక్కగట్టే విద్యార్థికి మాత్రం చాలదు. మెట్టు మెట్టుకూ చిన్న చిన్న దోషాలు పోగుపడి ఫలితాన్నే మార్చేయగలవు. అందుకు 15, 16 అంకెలు నిలిపే 64 బిట్ల లెక్క కావాలి. అందులో పాత టైటాన్ వేగం సుమారు 1.3 లక్షల కోట్లు. 4090 వేగమూ దాదాపు అంతే.

టైటాన్‌లో 64 బిట్ల వేగం 32 బిట్ల వేగంలో ఇంచుమించు మూడో వంతు. 4090లో అది 64వ వంతు. చిప్‌లో చోటు ఆటలకూ కృత్రిమ మేధకూ పోయింది. 64 బిట్ల బలం ఖరీదైన డేటా సెంటర్ కార్డులకు మిగిలింది. చేతకాక తగ్గించింది కాదిది, మార్కెట్ చూసి తగ్గించింది.

అలాగని పాతదాన్ని వెతికి కొనడం తెలివైన పని కాదు. మెమరీ నుంచి సమాచారం అందే వేగం టైటాన్‌లో సెకనుకు 288 గిగాబైట్లు, 4090లో 1008. పైగా కూడా 12 నుంచి టైటాన్ తరం కార్డులకు మద్దతే లేదు. అయితే కళాశాల ప్రయోగశాలకు కార్డు కొనేవారు సంతకం పెట్టేముందు అడగాల్సింది 64 బిట్ల వేగం. అట్టపెట్టె మీద ఆ అంకె ఉండదు.