ఇంటి కంప్యూటర్లు – విద్యుద్దుర్వ్యయము

విద్యుచ్ఛక్తి చాలదన్న మాట పుట్టినప్పుడెల్ల మన యధికారులకు మొట్టమొదట జ్ఞప్తికి వచ్చునది రైతు మోటారు. పిదప వేసవిలో పట్టణవాసి నడుపుకొను శీతలయంత్రము. ఇంటిలో బల్లమీద రాత్రింబవళ్లు వెలుగుచుండు కంప్యూటరు మాత్ర మెవ్వరి కంటను బడదు. చప్పుడు చేయదు గనుకను, విద్యావంతుల సొత్తు గనుకను దానికీ మన్నన లభించినదని మా యనుమానము.

లెక్క చూతము. సాధారణమగు డెస్క్‌టాపు యంత్రమును, దాని తెరయు కలిసి, యెదుట మనుష్యుడు లేకున్నను, 60 మొదలు 100 వాట్ల వరకు లాగుచుండును. 80 వాట్లనుకొని, దినమునకు 12 గంటలు ఊరక మెలకువగా నుంచినచో సంవత్సరమునకు 350 యూనిట్లు వ్యర్థమగును. నక్షత్రపు గుర్తుగల చిన్న రిఫ్రిజిరేటరు ఏడాది పొడవునను పని చేసి వాడునది 200 యూనిట్ల లోపే! అదే కంప్యూటరును ఆ గంటలలో నిద్రావస్థయందుంచినచో 13 యూనిట్లతో సరిపోవును. ల్యాప్‌టాపు సంగతి వేరు. సామాన్యమైన పనికి దానికి 15 మొదలు 30 వాట్లు చాలును. ఆటల కొరకు కొను పెద్ద యంత్రములో, ఆట సాగుచున్నంతసేపు 400 వాట్లు త్రాగుట వానికి వింత కాదు.

ఈ యూనిట్లు గాలిలోనుండి పుట్టుటలేదు. రామగుండమునందో, ఇబ్రహీంపట్నమునందో బొగ్గు కాల్చిన వేడిలో మూడవవంతునకు కొంచె మటునిటుగా మాత్రమే విద్యుత్తగుచున్నది. తక్కినది పొగగొట్టములవెంటను, నీటి యావిరిగను పోవుచున్నది. తీగలలో పోవు నష్టము దీనికి తోడు.

కొన్ని భ్రమలను తొలగింపవలసియున్నది. తెరపై బొమ్మలు కదలాడు స్క్రీన్‌సేవరు విద్యుత్తును మిగుల్చునని పలువురు నమ్ముచున్నారు. ఒకే బొమ్మ చిరకాలము నిలిచి పాత గాజుతెరపై మచ్చపడకుండుటకై యది పుట్టినదేకాని పొదుపునకు కాదు. తెరను నల్లగా మార్చుకొనుటయు నట్టిదే. నేడు మన యిండ్లలో విరివిగా నున్న ఎల్‌.సి.డి. తెరలలో వెనుకదీపము వెలుగుచునే యుండును. ఓలెడ్ తెరలలో మాత్రమే నలుపువలన లాభము గలదు. మాటిమాటికి ఆర్పి వెలిగించినచో యంత్రము చెడునన్న భయ మొకటి పూర్వకాలపుది. నిద్రపుచ్చుట కా భయమును లేదు. వెలుగు తగ్గించి, పది నిమిషములు తాకకున్న నిద్రపోవునట్లు అమర్చిన చాలును. ఒక్కసారి చేయవలసిన పని యిది.

అయినను భారమంతయు గృహస్థునిపై వేసి చేతులు దులుపుకొనుట న్యాయము కాదని మా యభిప్రాయము. అమెరికాలో 1992లో ఎనర్జీ స్టార్ గుర్తు మొదట నంటించినది కంప్యూటర్లకును, వాని తెరలకునే. కాలిఫోర్నియా రాష్ట్రము 2016లో వీనికి వ్యయపరిమితుల శాసనము చేసి, 2019నుండి అమలుపరచినది. ఆ నియమముల కారణమున 2021లో ఒక ప్రసిద్ధ సంస్థ తన యాటయంత్రములు కొన్నింటిని ఆ రాష్ట్రమునకు పంపుట మానుకొనవలసివచ్చినది. శాసనమునకు పదునున్నచో వర్తకుడు వినునని తేలినది గదా!

మనకు శాసనము లేక కాదు. 2001 నాటి ఇంధన పరిరక్షణ చట్టము పరికరముల వ్యయమునకు హద్దులు నిర్ణయించు నధికారమును కేంద్ర ప్రభుత్వమున కొసగినది. నక్షత్రములు 2006లో మొదలైనవి. 2023నుండి సీలింగు ఫ్యానుకు సైతము అవి నిర్బంధమైనవి. 75 వాట్ల ఫ్యాను పరీక్షకు నిలువవలెనట; దానికంటె నెక్కువ లాగు డెస్క్‌టాపునకు నిర్బంధము లేదు! ల్యాప్‌టాపులను చేర్చుకొన్నదియు తయారీదారుని యిష్టమునకు వదలిన విభాగముననే.

మఱియొక సంగతి. 2020 మార్చిలో దేశమెల్ల తలుపులు మూసికొన్ననాటినుండి హైదరాబాదు కార్యాలయములలోని పని యిండ్లకు తరలివచ్చినది. కొంత తిరిగిపోయినను, కొంత యిండ్లలోనే నిలిచినది. కార్యాలయపు దీపము లారినవి; ఇంటి మీటరు తిరిగినది. దూరమునుండి యంత్రమును సరిచూచుకొనుటకై రాత్రియు దానిని మేల్కొలిపియుంచుడని ఆజ్ఞాపించు సంస్థలకు ఆ విద్యుత్తు ఖరీదు తెలియదు. వాడుక పెరిగినకొలది యూనిటు ధరయు హెచ్చు శ్రేణులు ఉభయ తెలుగు రాష్ట్రములందును గలవు. తెలంగాణమున 2024లో వచ్చిన గృహజ్యోతి పథకము అర్హులకు నెలకు 200 యూనిట్ల వరకే. అది దాటినచో బిల్లంతయు చెల్లింపవలసినదే. ఆ హద్దునొద్ద నిలిచిన కుటుంబమునకు, ఊరక మెలకువగా నున్న యంత్రము లాగు నెలకు 29 యూనిట్లు స్వల్పవిషయము కాదు.

కావున ఢిల్లీ ప్రభుత్వము డెస్క్‌టాపులకును, తెరలకును నక్షత్రములను నిర్బంధము చేయవలెను. దుకాణమునుండి వెడలునప్పుడే నిద్రాసౌకర్యము అమర్చియుండవలెనని నియమింపవలెను. ఇంటిపని చేయించుకొను సంస్థలు తమ యంత్రముల విద్యుద్వ్యయమును జీతముతోపాటు లెక్కగట్టి యీయవలెను. ఈ మూడవది నేడే చేయదగినది; దానికి క్రొత్త శాసన మక్కఱలేదు.