కొండదారి చెప్పే చరిత్ర

రహదారి అంటే గమ్యాన్ని చేర్చే సాధనమని మనం భావిస్తాం. ఎంత త్వరగా చేరామన్నదే నేటి ప్రయాణానికి కొలబద్ద అయింది. కర్నూలులో బయలుదేరిన వాహనం 40వ నంబరు జాతీయ రహదారి మీద నంద్యాల దాటి, ఆళ్ళగడ్డ వద్ద తూర్పుకు తిరిగి, కొన్ని గంటలలోనే అహోబిలం చేరుతుంది. యాత్రికులు నరసింహస్వామిని దర్శించి వచ్చిన దారినే మరలిపోతారు. ఒకవైపు ఎర్రమల, మరొకవైపు నల్లమల, నడుమ కుందూ నది పారే ఈ లోయలో అనేక శతాబ్దాల చరిత్ర ఉన్నది. అందులో ఇస్లామీయ సంస్కృతికి చెందిన అధ్యాయం ఒకటి ఉన్నది. దానిని విడిచిపెట్టి గీసిన యాత్రామార్గం ఏదైనా అసంపూర్ణమేనని నా అభిప్రాయం.

ఆ అధ్యాయం కర్నూలులోనే ఆరంభమవుతుంది. హంద్రీ నది ఒడ్డున గుమ్మటాలతో నిలిచిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి బిజాపూరు సుల్తానుల కాలాన్ని గుర్తుచేస్తుంది. అక్కడినుండి ఎర్రమల కొండల వైపు సాగితే బనగానపల్లె వస్తుంది. ఈ చిన్న సంస్థానాన్ని 1948 వరకు నవాబులు పాలించారు. ఊరి వెలుపల గుట్టమీద వారు కట్టించుకొన్న భవనం నేటికీ ఉన్నది. కాని 2009లో వెలువడిన ‘అరుంధతి’ చలనచిత్రం తరువాత దానిని అందరూ ‘అరుంధతి బంగళా’ అనే పిలుస్తున్నారు. అక్కడ ఛాయాచిత్రాలు తీసుకొనేవారిలో నవాబుల సంగతి అడిగేవారు ఎందరు? ఒక ఊరి మామిడిపండు దేశమంతటా పేరు పొంది, 2017లో భౌగోళిక గుర్తింపును సైతం సాధించింది. ఆ ఊరి చరిత్ర మాత్రం ఊరి పొలిమేర దాటలేదు. మన విస్మృతికి ఇంతకంటె తార్కాణం అక్కరలేదు.

ఇంకా దక్షిణానికి పోతే గండికోట. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్న ప్రవహించే గండి పక్కన పెమ్మసాని నాయకులు ఏలిన దుర్గమది. 1652 నాటికి అది గోల్కొండ సేనాని మీర్ జుమ్లా వశమైంది. కోటలో రంగనాథాలయం, ధాన్యాగారం, జామియా మసీదు నడిచిపోయేంత దూరంలోనే ఉన్నాయి. ఒకే కొండరాతితో కట్టిన ఆ కట్టడాలను విడివిడిగా చూడటం సాధ్యం కాదు. ఒకదాని ముందు నిలిచినవాడికి మరొకటి కంటబడుతూనే ఉంటుంది.

రాళ్ళ కంటె మనుష్యుల బంధం గాఢమైనది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి బనగానపల్లె సమీపంలోని రవ్వలకొండ వద్ద పశువులను కాస్తూ కాలజ్ఞానం రచించాడని ప్రతీతి. ఆయన ప్రియశిష్యుడు సిద్దయ్య దూదేకుల కులంలో జన్మించిన ముస్లిం. గురువు కులం చూడలేదు, శిష్యుడు మతం చూడలేదు. కడపలోని దేవుని కడప ఆలయానికి ఉగాదినాడు ముస్లింలు వచ్చి, బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచు అన్న భావంతో వేంకటేశ్వరుని సేవించుకొంటారు. మనం నిత్యం వాడే జిల్లా, రైతు, కాగితం, ఖర్చు, రాజీనామా వంటి పదాలన్నీ అరబ్బీ, పారశీక భాషలనుండి వచ్చినవే. వాటిని తీసివేస్తే తెలుగువాడు ఒక దరఖాస్తు కూడా వ్రాయలేడు.

ఈ మాటకు అభ్యంతరం చెప్పేవారున్నారు. 1579లో గోల్కొండ సైన్యం అహోబిలాన్ని కొల్లగొట్టింది కదా, ఆ పాలకుల చిహ్నాలను మనం ఎందుకు ఆదరించాలని వారు ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. ఆ దోపిడి జరిగింది. దానిని దాచి చెప్పే చరిత్ర సత్యానికి ద్రోహం చేస్తుంది. అయితే సత్యాన్ని సగంలో ఆపటం కూడా ద్రోహమే. ఆ దాడికి నాయకత్వం వహించిన సేనాని పేరు మురహరి రావు. ఆనాటి యుద్ధాలకు రాజ్యకాంక్ష, ధనకాంక్ష ఎంతగా కారణమయ్యాయో ఆ ఒక్క పేరే తెలుపుతుంది. గాయాన్ని, బంధాన్ని ఒకే పుటలో చదవగలవాడే చరిత్ర చదివినవాడు.

ఈ సందర్భంలో స్పెయిన్ దేశపు అనుభవం గమనింపదగినది. ఆ దేశపు దక్షిణ భాగంలోని కొండపల్లెలలో ‘మూర్లు’ అనబడిన ముస్లింలు శతాబ్దాలపాటు నివసించారు. 1492లో గ్రనడా రాజ్యం అంతరించింది. మతం మార్చుకొన్న వారి సంతతిని సైతం 1609 మొదలు 1614 వరకు దేశంనుండి వెళ్ళగొట్టారు. అయినా కొండవాలులలో వారు త్రవ్విన కాలువలు నేటికీ పొలాలను తడుపుతున్నాయి. ఆ కాలువల పేరు కూడా అరబ్బీ మాటనుండి పుట్టినదే. నేడు దేశదేశాల ప్రయాణికులు ఆ కొండదారులలో వాహనాలు నడుపుకొంటూ ఆ వారసత్వాన్ని చూసి వస్తున్నారు. అక్కడ మనుష్యులు పోయి గుర్తులు మిగిలాయి. ఇక్కడ మనుష్యులు ఇరుగుపొరుగుగా మనతోనే ఉన్నారు. గుర్తులే శిథిలమవుతున్నాయి. ఇంతటి భాగ్యాన్ని చేజార్చుకోవటం అవివేకం.

కనుక కర్నూలు, బనగానపల్లె, గండికోట, ఆళ్ళగడ్డ, అహోబిలాలను కలిపే వారసత్వ మార్గం ఒకటి ఏర్పడాలి. ప్రతి కట్టడం వద్ద దాని కథను తెలుగులో తెలిపే ఫలకం ఉండాలి. ఆ కథను చెప్పే పని ఆయా గ్రామాల యువతకు లభించాలి. రాతిని మలచటంలో పేరుపొందిన ఆళ్ళగడ్డ శిల్పుల నైపుణ్యం జీర్ణోద్ధరణకు ఉపయోగపడాలి. అయితే దారిని వెడల్పు చేసే తొందరలో పాత గోడలను కూల్చరాదు. నల్లమల అడవిలో వాహనాల రొద పెంచరాదు. చూడవచ్చినవాడు కొంత దూరమైనా నడవాలి.

ఇటువంటి ప్రయాణం ఈ సీమకు కొత్త కాదు. ఏటా కనుమనాడు అహోబిల నరసింహుని పల్లకి పారువేటకు బయలుదేరుతుంది. నలభై రోజులకు పైగా ఊరూరా తిరిగి, ముప్పైకి పైగా గ్రామాలలో విడిది చేస్తుంది. చెంచులక్ష్మిని పరిణయమాడిన స్వామిని చెంచులు తమ అల్లునిగా భావిస్తారు. దేవుడే తొందరపడక ప్రతి పల్లెలోనూ ఆగుతున్నప్పుడు మనకెందుకు ఇంత తొందర?

1928లో నంద్యాలలో సమావేశమైన పెద్దలు ‘దత్తమండలం’ అన్న పేరును తొలగించి ఈ ప్రాంతానికి ‘రాయలసీమ’ అని పేరుపెట్టారు. పేరు నిలిపిన బాధ్యత ఆ తరానిది. ఆ పేరు వెనుక ఉన్న చరిత్రను ఏ భాగమూ విడువక చదివి, కాపాడవలసిన బాధ్యత నేటి విద్యార్థులది.