చేతిపనియు చదువే

ఇత్తడి రేకును తీర్చిదిద్దు పెంబర్తి శిల్పుల వలన జనగామకు కీర్తి కలిగినది. అదే ఓర్పును కోరు నేటి విద్య, కార్బన్ నారతో చిన్న భాగములను అచ్చుతీయుట. అచ్చుకు మైనము పూసి, నారగుడ్డ పరచి, గట్టిపరచు ద్రవమును కొలత ప్రకారము కలిపిన ఎపాక్సీ రెసిన్‌తో తడపవలెను.

1989లో తొలిసారి ఎగిరిన అగ్ని క్షిపణి తేలిక పదార్థముల అనుభవముతో, హైదరాబాదులో అబ్దుల్ కలాం గారి బృందము నిమ్స్ వైద్యులతో కలిసి, పిల్లల 3 కిలోల క్యాలిపర్లకు బదులు 300 గ్రాములవి రూపొందించినది. ఆ తేలికదనమే ఆ పిల్లల నడకను సుగమము చేసినది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి విద్యార్థులు ఇంటివద్దనే ఈ పని నేర్వవలెనని మా అభిప్రాయము. చేతితొడుగులు, గాలి ఆడు చోటు, అరగదీయునపుడు ముక్కుకు ముసుగు తప్పనిసరి. ఇందుకొక గదిని, పనిముట్లను సమకూర్చవలసినదిగా కళాశాల కమిటీ వారిని సవినయముగా కోరుచున్నాము.