మూడు గంటల్లో అమెరికా!

2023 సంక్రాంతి వెళ్ళిన వారంలో పక్కింటి పిన్నిగారు టికెట్టు కాగితం పట్టుకుని వచ్చారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో కూతురికి నెలలు నిండుతున్నాయి, పురిటికి ఈవిడ బయల్దేరుతున్నారు. అనంతపురం వాళ్ళం కదా, మాకు విమానమంటే బెంగళూరే. అక్కడ శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ఎక్కితే, అదే శుక్రవారం సాయంత్రం అయిదింటికి దిగడం. మధ్యలో మారే పని లేదు.

"మూడు గంటలే కదమ్మా, కర్నూలు పోయినంత సేపు! అందుకే మందులన్నీ పెద్ద పెట్టెలో సర్దేశాను" అన్నారు.

నా గుండె ఝల్లుమంది. ఆవిడకి బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. పెద్ద పెట్టె విమానం అడుగున సామాన్లలోకి పోతుంది, దిగేదాకా చేతికి రాదు.

టికెట్టు మీద వేసేది ఏ ఊరి టైము ఆ ఊరిదేనండీ! చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం మనకన్నా పదమూడున్నర గంటలు వెనక. ఎండాకాలంలో అక్కడ ముల్లు ఒక గంట ముందుకు జరుపుతారు, అప్పుడు పన్నెండున్నరే. మన మధ్యాహ్నం రెండంటే అక్కడ అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. అక్కణ్ణించి సాయంత్రం అయిదు దాకా లెక్కపెట్టండి. మూడు కాదు, పదహారున్నర గంటలు!

తిరుగు టికెట్టు చూసి మళ్ళీ బెదిరారు. శనివారం రాత్రి ఎక్కితే సోమవారం తెల్లవారుజామున దిగడం. "రెండు రోజులు కూర్చోవాలా తల్లీ?" అదీ గడియారం మాయే. 2021 జనవరి 9న అంతా ఆడవాళ్ళే పైలట్లుగా ఉన్న ఎయిరిండియా విమానం అలాగే శనివారం రాత్రి అక్కడ లేచి సోమవారం నాలుగు కాకముందే బెంగళూరులో దిగింది. అసలు ప్రయాణం పదిహేడు గంటల పైచిలుకు. కెప్టెన్ జోయా అగర్వాల్‌తో పాటు మన తెలుగమ్మాయి పాపగారి తన్మయి కూడా నడిపారు. అదీ ఉత్తర ధ్రువం మీదుగా!

"అంత పైకెందుకు పోవడం?" అన్నారు. మా చీనీకాయ ఒకటి తెచ్చి, తొడిమ పైకి పెట్టి, నడుముకి కాస్త పైన బెంగళూరని ఒక లవంగం గుచ్చాను. వెనక వైపు ఇంకాస్త పైన శాన్‌ఫ్రాన్సిస్కో అని మరొకటి. రెంటికీ దారం బిగించి లాగితే నడుము చుట్టూ తిరగలేదు, తొడిమ పక్కనుంచే పోయింది. ఆ దారం లెక్కన దూరం సుమారు 14,000 కిలోమీటర్లు. గాలివాటం చూసుకుని తిరిగేసరికి ఆ రోజు విమానం ఎగిరింది దాదాపు 16,000. దూరం ఎక్కువైతే ఆలస్యమే అనుకోకండి. 2016లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా తిప్పారు. దారి వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగింది, కానీ వెనక నుంచి తోసే గాలితో ప్రయాణం తగ్గింది.

సరే, ఇక మందుల సంగతి. రాత్రి మాత్ర ఏ ఊరి రాత్రికి వేసుకోవాలి? అది మనం తేల్చేది కాదు. టికెట్టు పట్టుకుని ఆ సాయంత్రమే ఇద్దరం డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. ఎక్కిన ఎన్ని గంటలకి ఏది మింగాలో ఆయన చీటీ మీద రాసిచ్చారు. గంటకోసారైనా లేచి నాలుగడుగులు వేయమనీ, నీళ్ళు తాగడం మానొద్దనీ చెప్పారు.

ఇంటికొచ్చి పెట్టె విప్పాం. మందులు, చీటీ చేతిసంచీలోకి మారాయి. ఆ ఖాళీలో పిన్నిగారు బాలింతకి శొంఠిపొడి డబ్బా కూర్చేశారు.