మగ హార్మోన్ అంటే మగవాళ్లదేనా?

పోయిన మాఘంలో కోరుట్లలో చుట్టాల పెళ్లికి వెళ్లాం. మా అమ్మాయి చున్నీ గడ్డం దాకా చుట్టుకుని కూర్చుంది. సిరిసిల్ల నుంచి వచ్చిన మా ఆడబిడ్డ అందరి ముందే అడిగేసింది: "గదేంది వదినా, పోరికి మీసాలొస్తున్నయి? రేపు పెండ్లెట్ల చేస్తవ్?" అమ్మాయి అన్నం ముట్టకుండానే లేచింది.

ఆమెను ఏమనను? అంతకుముందు ఏడాదంతా నేను చేసిందీ తప్పే. నెలసరి మూడు నెలలకోసారి వస్తుంటే చదువు ఒత్తిడి అనుకున్నాను. గడ్డం మీది వెంట్రుకలకు పార్లర్‌లో థ్రెడింగ్ చేయించాను, శనగపిండి రుద్దాను. దాచాను తప్ప డాక్టరుకు చూపించలేదు.

ఆ వారమే జగిత్యాలలో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. పరీక్షలు చేసి పీసీఓఎస్ అన్నారు. ఒంట్లో ఆండ్రోజెన్లు ఎక్కువయ్యాయట. "అంటే మగ హార్మోనా అమ్మా?" అని భయపడ్డాను. ఆమె నవ్వారు. ఆండ్రోజెన్లు ఆడవాళ్లందరిలోనూ ఉంటాయట. అండాశయాలు, కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు వాటిని తయారుచేస్తాయి. మనం ఆడ హార్మోన్ అనుకునే ఈస్ట్రోజెన్ కూడా వాటి నుంచే తయారవుతుంది. కూరలో ఉప్పు లాంటివన్న మాట. ఎక్కువైతేనే మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు, నెలసరి తప్పడం. రక్తంలో ఇన్సులిన్ పెరిగితే అది అండాశయాల చేత ఇంకా ఎక్కువ ఆండ్రోజెన్లు తయారుచేయిస్తుంది. అందుకే మందులతో పాటు అన్నం తగ్గించమన్నారు, రోజూ నడవమన్నారు. వదిలేస్తే ముందు ముందు షుగర్ వచ్చే ప్రమాదం ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో నూటికి 10 నుంచి 13 మందికి ఇది ఉంటుంది. మరి మన వీధిలో ఎవరికీ లేనట్టే ఎందుకుంటుంది? అందరం దాస్తున్నాం కనుక.

ఒడిశా అమ్మాయి ద్యుతీ చంద్‌ను టెస్టోస్టెరాన్ ఎక్కువుందని 2014లో పోటీలకు దూరం పెట్టారు. ఆమె తల దించుకోలేదు. క్రీడా న్యాయస్థానానికి వెళ్లి 2015లో గెలిచింది. మన హైదరాబాద్‌లోనే సాధన చేసి 2016 రియో ఒలింపిక్స్‌లో పరుగెత్తింది.

నేననేది ఒక్కటే. ఆడపిల్ల ముఖం మీద వెంట్రుకలు కనిపిస్తే పెళ్లి గురించి కాదు, నెలసరి గురించి అడగండి. అదీ పదిమందిలో కాదు, పక్కన కూర్చోబెట్టుకుని.

నిన్న ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వదినా, ఆ డాక్టరమ్మ ఏ రోజుల్ల ఉంటది?" అంది మెల్లగా. ఆమె కూతురికి పదహారేళ్లు. ఎందుకని అడగలేదు. తోడు నేనూ వస్తానన్నాను.