కోళ్లగూటి పఱుపు



పెరటిలో నాలుగు కోళ్లను పెంచుకొను గృహిణులు మేత విషయమున చూపు శ్రద్ధలో నాలవవంతైనను గూటి నేలయెడ చూపరు. నేనును చూపలేదు. అందువలన కలిగిన నష్టమును ముందు చెప్పి, పిదప ఏ వస్తువును పఱచుట మేలో వివరింతును.

రెండేండ్ల క్రిందటి వానకాలమున మా గూటిలో ఒక పెట్ట 12 పిల్లలను చేసెను. ఆ పెట్ట మాది కాదు; పొరుగుననున్న యొక పేదరాలు పాలికిచ్చినది. పిల్లలలో సగము ఆమెవి. ఊక కొనుట దండుగయని తలచి, వామి యడుగున తడిసి మఱల ఆఱిన గడ్డిని తెచ్చి పఱచితిని. చేతికి పొడిగనే తగిలెను గాని ముక్కిన వాసన వచ్చుచుండెను. పదిదినములు తిరుగకముందే పిల్లలు నోళ్లు తెఱచి ఎగయూపిరి విడువసాగినవి. 9 చనిపోయినవి. పశువైద్యుడు వచ్చి ఆ గడ్డిని విదల్పగా బూడిదవంటి దుమ్ము లేచెను. "అమ్మా, ఇది బూజు. పిల్లల ఊపిరితిత్తులలో చేరినది. ఇక చేయదగిన వైద్యము లేదు" అని ఆయన చెప్పెను. మిగిలిన మూడింటిని ఆమెకే యిచ్చితిని. ఆమె యొక్క మాటయు అనలేదు. అదియే నన్ను మిక్కిలి బాధించెను.

మన ప్రాంతములలో వరి ఊక సులభముగా దొరకును. అది త్వరగా క్రుళ్లదు, గడ్డకట్టదు. గాలి దానిలో చక్కగా ఆడును. కావున మొదటి స్థానము దానిదే. రంపపు పొట్టు తడిని బాగుగా పీల్చును గాని, చిన్న పిల్లలు మేతయని భ్రమించి దానిని తినును. అట్టిచో మొదటి నాలుగైదు దినములు పైన గోనెపట్టా పఱువవలయును. నున్నని కాగితము పఱచినచో పిల్లల కాళ్లు జాఱి వంకరలగును. వేరుశనగ పొట్టు లభించు చోట, బూజు లేనిదానిని నలుగగొట్టి వాడవచ్చును. వరిగడ్డియే గతియైనచో, క్రొత్తదానిని 2 అంగుళముల ముక్కలుగా నఱికి వేయుడు.

నేలను ఊడ్చి, పొడిసున్నము చల్లి, పూర్తిగా ఆఱిన పిమ్మట 2, 3 అంగుళముల మందమున పఱువవలయును. వారమునకు రెండుమాఱులు తిరుగవేయుడు. నీళ్లతొట్టి చుట్టును తడిసిన భాగమును ఏనాటి కానాడే తీసివేయుడు. రక్తపారుడు రోగమునకు కారణమగు క్రిములు తడిలోనే వృద్ధిపొందును. పిడికిట బిగించి విడిచినపుడు పఱుపు కొంచెము అంటుకొని విడిపోయిన మంచిది. ముద్దగా నిలిచినచో తడి హెచ్చినదని యెఱుగుడు. గూటిలో తల పెట్టినపుడు కన్నులు మండినచో, కోళ్లు రాత్రియెల్ల ఆ ఘాటునే పీల్చుచున్నవని గ్రహింపుడు.

పాత పఱుపును తీయునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొని, పిదప సబ్బుతో చేతులు కడుగుకొనవలయును. దానిని వెంటనే మొక్కలకు వేసినచో వేళ్లు మాడును. కుప్పవేసి మాగనిచ్చిన మంచి యెరువగును.

ఇపుడు నేను తొలకరికి ముందే రెండు గోనెల పొడి ఊకను చూరు క్రింద, నేలకు తగులకుండ ఎత్తుపై దాచుచున్నాను. మీరును అట్లు చేయుడు.