బంగారు పతకం ఎవరికి ఇవ్వాల్సింది?

అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో 1777 అక్టోబరు 17న సారటోగా దగ్గర ఇంగ్లీషు సేనాపతి బర్గోయిన్ తన సైన్యంతో సహా లొంగిపోయాడు. అమెరికా కాంగ్రెసు జనరల్ గేట్స్‌కి బంగారు పతకం ప్రకటించింది. అసలు పోరాడింది ఆర్నాల్డ్ గదా అని కొందరంటారు. నిజమే, గేట్స్‌తో తగాదాపడి అధికారం పోయినా అక్టోబరు 7న గుర్రమెక్కి యుద్ధంలో దూకాడు, కాలు విరగ్గొట్టుకున్నాడు. 1780లో శత్రువులతో కలిసిపోయి ఆ పేరూ పోగొట్టుకున్నాడు.

నన్నడిగితే ఆ పతకం స్కైలర్‌ది. గేట్స్‌కంటే ముందు అక్కడి సేనాపతి ఆయనే. జూలైలో టైకాండెరోగా కోట పోయిందని తప్పంతా ఆయన మీద వేసి, ఆగస్టులో తీసేశారు. కానీ ఆయన మనుషులు అప్పటికే చెట్లు నరికి దారికడ్డంగా పడేశారు, వంతెనలు విరగ్గొట్టారు. సుమారు 23 మైళ్ల అడవిదారికి బర్గోయిన్‌కి దాదాపు మూడు వారాలు పట్టింది! (మన ఘాట్ రోడ్డులో ఒక్క చెట్టు పడితేనే బస్సు ఎంతసేపు ఆగుద్దో మీకు తెలుసు.) ఈలోపు వాళ్లకి తిండి తరిగింది, అమెరికావాళ్లకి మనుషులు పెరిగారు.

పదవి పోయినా స్కైలర్ అలిగి అవతలివైపు పోలేదు. సారటోగాలో తన ఇల్లు తగలబెట్టించిన బర్గోయిన్‌నే, లొంగిపోయాక ఆల్బనీ ఇంట్లో అతిథిగా ఉంచుకున్నాడు.

మరి గేట్స్? 1780 ఆగస్టు 16న కామ్డెన్‌లో ఓడిపోయి, ఆ రాత్రికే 60 మైళ్ల అవతల షార్లెట్‌లో తేలాడు. ఆ దారిలో చెట్లు నరికి పడేసినవాళ్లు లేరు మరి!